ఒడ్డు పొలం కోత

"గంగ వచ్చిందా?"

బిడ్డ చేతిలోంచి ఫోను లాక్కుని సమ్మక్క మొదట అడిగిన మాట అదే. తిన్నవా అని కూడా అడగలేదు.

"వచ్చింది" అన్నాడు ఆమె మొగుడు బక్కయ్య అవతలి నుంచి.

కరీంనగర్ ఆస్పత్రిలో, కాలికి రాడ్డు వేయించుకుని మంచానికి అతుక్కుపోయిన సమ్మక్కకు ప్రాణం లేచొచ్చింది. గంగుబాయి వచ్చిందంటే ఇక పనైనట్టే. ఊళ్లో వరికోతల ముఠాను నడిపేది ఆమే. చెయ్యి ఎంత చురుకో నోరూ అంత పెద్దది. లక్సెట్టిపేట అవతల, గోదావరి పక్కనున్న ఒడ్డు పొలంలోకి మిషన్ దిగితే దిగబడిపోతుంది. అక్కడ కొడవళ్లే గతి, కొడవళ్లంటే గంగుబాయే గతి.

ఆ పొలమంటే సమ్మక్కకు పంచప్రాణాలు. వాళ్ల బాపు వయసులో ఉన్నప్పుడు అది వట్టి ఇసుక దిబ్బ, నిండా రెల్లుగడ్డి. ఏటేటా వరద తెచ్చిపోసిన ఒండ్రును ఆయన పారతో సర్ది, మడులు కట్టి, ఒడ్డు జారకుండా వరసగా వావిలి చెట్లు పెట్టి, దిబ్బను పొలం చేశాడు. చర్చిలో కోత పండుగకు మొదటి వరికట్ట ప్రతి ఏడూ ఆ పొలం నుంచే పోతుంది. తాను ఇక్కడ కాలు విరిగి పడి ఉన్నా సరే, ఈ ఏడు కూడా ఆ కట్ట పోయి తీరాలని సమ్మక్క పంతం.

"మరి కోత ఎప్పుడు?"

"సురువైందే. నిన్ననే."

"నిన్ననా! గింజ ఇంక పచ్చిగనే ఉన్నది గదయ్యా! జర ఆగుమనకపోయినవా?"

"నేను చెప్తె ఆగుతదా?"

అదీ నిజమే. గంగుబాయి ఒకరి మాట వింటే కదా. అవతల ఏదో హోరు వినిపించింది.

"ఆ లొల్లి ఏందయ్యా?"

"గంగదే."

"దాని నోరు పడ! ఫోన్ల గూడ చెవులు పలుగుతున్నయి."

"నువ్వు జర ఇను…"

"నువ్వే ఇను. మొదటి కట్ట పక్కకు పెట్టియ్యి. పాస్టరయ్యకు పంపాలె. మరువకు!"

ఫోను పెట్టేసింది. ఆ ఆలుమగల మాటలెప్పుడూ అంతే. బక్కయ్య నోట్లోంచి మాట రావాలంటే బతిమాలాలి, వచ్చిన మాట పూర్తయ్యేలోపు సమ్మక్క నాలుగు అందుకుంటుంది. అయినా కాపురం చక్కగానే నడిచింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోను. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. కూతురు బ్లెస్సీ ఇడ్లీ తుంచి నోట్లో పెడుతుంటే నములుతూనే అడిగింది.

"ఎంత దాక అయింది?"

"సగం పొలం అయిపోయింది."

"రెండు దినాలల్లనే? మందిని మస్తు తెచ్చిందా ఏంది?"

"ట్రాక్టర్ల బాట పట్టి లోపటికి వచ్చింది. మస్తు జోరు మీదున్నది." మళ్లీ తనే అన్నాడు. "వావిలి చెట్లు గూడ పీకేసింది."

సమ్మక్క నోట్లో ఇడ్లీ అలాగే ఉండిపోయింది. నిరుడు ఇసుక ట్రాక్టర్ల కోసం ఒడ్డును తవ్వి బాట తీసినప్పుడే సగం వావిళ్లు పోయాయి. తాను ట్రాక్టరుకు అడ్డంగా పడుకుని మిగతా సగం కాపాడుకుంది. ఇప్పుడు అవీ పోయాయా?

"ఆ చెట్ల ఏర్లు పట్టుకుంటెనే గదా ఒడ్డు నిలవడేది! గామాత్రం ఎరుక లేదా దానికి? నువ్వు ఊకె చూసుకుంట నిలవడ్డవా?"

"ఊరంత నిలవడి చూసింది. ఏం చేస్తం?"

"ఒక్కలు గూడ అడ్డం పోలే?"

"గంగకు ఎవలు అడ్డం పోతరే?"

సమ్మక్కకు ఏడుపు ఆగలేదు. బాపు తన చేతులతో పెట్టిన చెట్లు. ఆయన పోయాక ఆ నీడన కూర్చుంటే ఆయన పక్కన కూర్చున్నట్టే ఉండేది.

"ఫోను ఇయ్యవ్వా, నాయిన ఇంకేదో చెప్పవోతుండు" అంది బ్లెస్సీ.

"ఇంకేం చెప్తడు! జిందగీల దాని మొఖం చూడ" అని ఫోను దిండు కింద పెట్టేసింది.

చూడనన్న మొహం మధ్యాహ్నానికల్లా వార్డు గుమ్మంలో ప్రత్యక్షమైంది. సంచీలో సీతాఫలాలు పట్టుకుని గంగుబాయి వచ్చింది. సమ్మక్క గోడవైపు తిరిగింది. గంగుబాయి స్టూలు జరుపుకుని కూర్చుని, కట్టుకట్టిన కాలిమీద మెల్లగా చెయ్యి వేసింది. ఎప్పుడూ గలగలలాడే మనిషి గొంతు ఎందుకో బాగా తగ్గి ఉంది.

"ఎట్లున్నదక్కా నొప్పి?"

"ఏం మొఖం పెట్టుకొని వచ్చినవే? పచ్చి పొలం కోస్తివి. మా బాపు పెట్టిన చెట్లు పీకితివి. పండుగకు కట్టన్న ఉంచినవా లేదా?"

గంగుబాయి తెల్లబోయి బ్లెస్సీ వైపు చూసింది. బ్లెస్సీకీ ఏమీ అర్థం కాలేదు.

"నేను మీ పొలంల కొడవలి పెట్టనే లేదక్కా. నేను పోయేటాల్లకు పెట్టేటందుకు ఆడ ఏం మిగల్లే."

"మరి మా ఆయన గట్లెందుకు చెప్పిండు? గంగ వచ్చిందనె, కోత సురువైందనె, చెట్లు పీకిందనె! అబద్ధమా అదంత?"

గంగుబాయి ముందుకు వంగింది. సమ్మక్క చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అన్న అబద్ధం చెప్పలే" అంది. "గంగంటె నేను గాదక్కా, గోదావరి."