రెండో బిందె

జానకమ్మ వాకిట్లో కూర్చుని కుంకుడుకాయలు కొడుతోంది. లోపల నులకమంచం మీద అత్త సుగుణమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

శివరాత్రి నుంచి అత్త అడిగింది ఒక్కటే. "ఒక్కసారి నా తలకు బిందెడు నీళ్ళు పొయ్యవే."

బిందెడు నీళ్ళు ఎక్కడివి? ఆళ్ళగడ్డ తాలూకా అంతా కరువు. ఊళ్ళో ఒక్క బావిలోనే కాస్త ఊట మిగిలింది. ఇంటికొక బిందె. అది తాగడానికే చాలదు.

జానకమ్మ నంద్యాల వెళ్ళే తొలి బస్సును ఆపి, పత్తి మిల్లులో పనిచేసే తన భర్త మద్దిలేటిని వెంటనే రమ్మని చెప్పమంటూ కండక్టరును బతిమాలింది. తర్వాత రెండు బిందెలు చంకన పెట్టుకుని బావి దగ్గరికి వెళ్ళింది.

వరసలో తన వంతు వచ్చినా ముందుకు కదలలేదు.

"మీరు తోడుకోండక్కా. నేను ఆఖర్న తోడుకుంటా."

"ఏందిమే, ఈ దినం ఇంత మంచిదానివైపోయినావ్!" పొరుగింటి సరస్వతి నవ్వింది. "మొన్న ఓబయ్య సచ్చిన దినం, శవం లేసేదంక ఊర్లో ఎవుర్నీ బావి ముట్టుకోనీకపోతే అందరికంటే ముందు అరిచింది నువ్వే కదా!"

జానకమ్మ వరస చివరికి పోయి నిలబడింది.

అందరి బిందెలూ నిండాక బొక్కెన దించింది. మొదటి బిందె నిండగానే బావి కాపలా సుబ్బయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"రెండోది యాడికి? ఇంటికొకటే."

"మా అత్తకు తలకు పొయ్యాల సుబ్బయ్యన్నా."

"తాగనీకే ల్యాకుంటే తలంటా! ఏం, ముసల్దానికి పెండ్లి చేస్తాండావా?"

"రేపటి బిందె నాకొద్దు. అది ఈ దినమే ఇయ్యి."

"మరి రేపు ఏం తాగుతావ్?"

"రేపు నేను ఈడికి రాను."

సుబ్బయ్య ఆమె ముఖంలోకి చూసి కర్ర తీశాడు. రెండో బిందె ముప్పావు నిండింది. ఆ తర్వాత బొక్కెనలో బురదే వచ్చింది.

సరస్వతి తన బిందెలోంచి చెంబెడు వంచబోయింది. జానకమ్మ గబుక్కున తన బిందె వెనక్కి లాక్కుంది.

"వద్దక్కా. మీ పిల్లోళ్ళు తాగుతారు."

ఇంటికి వచ్చి ఆ ఎర్రనీళ్ళను పాతచీర గుడ్డలో వడగట్టింది. పెరట్లో మూడు రాళ్ళ మధ్య మంట పెట్టి కాచింది. అత్తను చంటిపిల్లలా ఎత్తుకొచ్చి బండ మీద పడుకోబెట్టింది. కుంకుడు నురగతో తల రుద్దింది.

"వేడి సాలునా అత్తా?"

అత్త పలకలేదు. అలిగితే పూటంతా మాట్లాడకపోవడం ఆమెకు అలవాటే.

అహోబిలం తిరునాళ్ళలో కొన్న చీర కట్టింది. చిక్కుతీసి జుట్టు దువ్వింది. బండ మీంచి జారిన నీళ్ళను నేల మరక కూడా మిగలకుండా పీల్చేసింది.

దడి అవతలి నుంచి సరస్వతి కేకేసింది. "తీరిందా మే, ముసల్దాని ఆశ?"

"తీరిందక్కా."

"ఇంగ రోజూ పొయ్యమని నీ పానం తీస్తాది, చూడు!"

జానకమ్మ ఖాళీ బిందెను బోర్లించి, దాని పక్కనే కూలబడింది.

మధ్యాహ్నం బస్సుకు దిగిన కొడుకు మద్దిలేటి నిప్పుకుండ పట్టుకుని ముందు నడవగా, తెల్లవారకముందే ప్రాణం పోయిన సుగుణమ్మ, కుంకుడు వాసన పోని జుట్టుతో, ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా నలుగురి భుజాల మీద ఇల్లు దాటింది.