శిలాఫలకం పగలగొట్టిన మనిషి

నాకు అన్నిటికంటే భయం తలుపు చప్పుడంటే.

ఎవరైనా తలుపు కొట్టి "ఫెర్మిన్ ఉన్నాడా?" అని అడిగిన రోజు నా కాసిల్దాకి తండ్రి ఉండడు. మూడేళ్ళు రాజ్యాంగ దళంలో తుపాకీ పట్టిన మనిషి. ఇప్పుడు మా అటక మీద గడ్డిలో దాక్కున్నాడు.

రాజుగారు రాజ్యాంగాన్ని రద్దు చేసి మళ్ళీ సర్వాధికారి అయ్యారని మాద్రిద్ నుంచి కబురొచ్చింది. ఆ ఆదివారం చర్చిలో పూజ ముగియగానే జనం ఊరి కచేరీ గోడ దగ్గర పోగయ్యారు. 'రాజ్యాంగ కూడలి' అన్న శిలాఫలకం మూడేళ్ళుగా ఆ గోడకే ఉంది.

"సంకెళ్ళకి జై!" అని అరిచారు. నిజంగా అలాగే అరిచారు.

రాజు దళం నాయకుడు దోన్ గస్పార్ నిచ్చెన వేయించాడు.

"పగలగొట్టకండ్రా. అది నాకు చెక్కుచెదరకుండా కావాలి. మెల్లిగా దింపండి."

అంతలో ఎవడో పొరుగూరి ముసలాడు జనాన్ని తోసుకుంటూ నిచ్చెనెక్కాడు. చేతిలో సుత్తి.

"రాజుగారికి జై!"

ఒక్క దెబ్బకి ఫలకం బద్దలై కింద పడింది.

"ఒరేయ్ గాడిదా, ఆపరా!"

"ఆగడం లేదు దొరా! మూడేళ్ళ కసి!"

"తాతా, ఈ ఊపు మీ ముసలమ్మకి తెలుసా?" ఎవరో అన్నారు. జనం పడీపడీ నవ్వారు.

ముసలాడు కిందికి దిగి, ముక్కల్ని ఇసకయ్యేదాకా కొట్టాడు.

అప్పుడు చూశాను, ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. నా ఒళ్ళు మండింది. ఆ ఫలకం చెక్కింది వీడే! గోడకి బిగించి రంగు వేస్తుంటే, రొట్టె నానేసిన చల్లటి పులుసు వీడికి పోసింది నేనే. నా చదువు మధ్యలో మాన్పించారని చెబితే, ఆ అక్షరాలు వేలు పట్టి చదివించాడు.

"థూ! అప్పుడు చెక్కిందీ నువ్వే, ఇప్పుడు పగలగొట్టేదీ నువ్వేనా? సిగ్గులేదూ?"

నవ్వులు ఆగిపోయాయి.

ముసలాడు నావైపు చూశాడు. కోపంగా కాదు. నా చంకలోని కాసిల్దాని చూశాడు. సుత్తి కింద పెట్టేశాడు.

దోన్ గస్పార్ మొహం విప్పారింది.

"చెక్కింది నువ్వేనా తాతా? ముందే చెప్పవేం? రా, నీతో పనుంది."

చేతులు వెనక్కి విరిచి కట్టి తీసుకుపోయారు.

ఇంటికొచ్చి, అటక కింద నిలబడి ఫెర్మిన్‌కి గొప్పగా చెప్పాను.

"ఆ ద్రోహిని అందరి ముందూ కడిగేశాను."

ఫెర్మిన్ గడ్డి తోసుకుని తల బయటపెట్టాడు.

"ఎంత పని చేశావే యూలాలియా! ఆ ఫలకం వెనక మా దళం పేర్లున్నాయి. ఇరవై ముగ్గురివీ. అతనే చెక్కి, గోడవైపుకి తిప్పి బిగించాడు. నాది ఏడో పేరు."

ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు. ఆ ఇరవై మూడు ఇళ్ళలో ఒక్క తలుపూ ఎవరూ కొట్టలేదు.

కొండ కింద పాత మఠాన్ని జైలు చేశారు. నేను వెళితే, నీకేమవుతాడని అడుగుతారు. అటుగా వెళ్ళేవాళ్ళుంటే, ఎడమ చేతికి రెండు వేళ్ళు లేని పెద్దాయన ఇంకా ఉన్నాడేమో కాస్త చూసి రండి. ఆయన పేరేమిటో నేను అడగనే లేదు.