బస్సు ఆపించిన అక్క

"ఆపప్పా! పిల్లోళ్ళు నిలబడుకోనుండారు, కనబళ్ళేదా?"

బస్సు లోపల వెనక సీట్ల నుంచి ఒక ఆడమనిషి కేక వేసింది.

వడమాలపేట మీదుగా పుత్తూరు వెళ్ళే బస్సు అప్పటికే స్టాపు దాటేసింది. చేతులెత్తిన బడిపిల్లలు రోడ్డు పక్కనే మిగిలిపోయారు.

"పాసు పిల్లోళ్ళమ్మా. ఎనకాల ఇంకో బస్సు ఉండాది," అన్నాడు డ్రైవరు.

"అది వచ్చేసరికి ఫస్టు పీరియడ్ అయిపోతాది. ఆపు ముందు!"

ఆమె జనాన్ని తోసుకుంటూ డ్రైవరు దగ్గరికే వచ్చేసింది.

ముందు సీట్లో ఉన్న మునిశేఖర్ మాస్టారికి ఒళ్ళు మండింది. ఆయన వడమాలపేట హైస్కూల్లో సోషల్ చెబుతాడు. రోజూ బండి మీద పోయే మనిషి, ఆవేళ పుత్తూరులో టీచర్ల సమావేశమని బస్సెక్కాడు. బడుల్లో సివిక్స్ పాఠాలు ఎలా సాగుతున్నాయో టీచర్ల అభిప్రాయాలు అడుగుతారట. ఆయన దగ్గర అభిప్రాయానికేం కొదవ లేదు, టైముకే కొదవ.

"ఏమ్మా, నీ ఒక్కదాని కోసరం ఇంతమందిమి లేటు కావాల్నా? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు."

ఆమె విసురుగా తిరిగింది. ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"నా కోసరమైతే అడిగేదాన్నే కాదు సార్," అంది మెల్లగా.

మాస్టారు కిటికీ వైపు తిరిగాడు.

బస్సు ఆగింది. పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి వెనక తలుపులో ఎక్కారు. ఆమె కూడా వెనక్కి వెళ్ళిపోయింది. ఎక్కింది ఎవరో చూసే ఓపిక ఆయనకు లేదు.

సమావేశంలో ప్రసన్నకుమారి టీచరు ముందు మాట్లాడింది.

"నేర్పితే నేర్చుకుంటారు సార్. మనమే పరీక్షల తొందరలో ఆ పాఠాలు చదివించేసి వదిలేస్తాండాము."

మునిశేఖర్ లేచాడు.

"చారులో కరివేపాకు ఎంతో సివిక్స్ అంతే మేడమ్. వాసనకు వేస్తాం, తినేటప్పుడు పక్కన పెడతారు. ముందు ఐరాలలో, ఇప్పుడు వడమాలపేటలో, ఇరవై ఏండ్లకు పైగా గొంతు చించుకుంటాండా. ఒక్కరికి తలకెక్కింటే చూపించండి!"

అందరూ నవ్వారు. ఆ ఊపులో పొద్దున బస్సు గొడవ కూడా చెప్పాడు. "హక్కని అరవడం మాత్రం బాగా నేర్చినారు," అన్నాడు.

"ఆమె ఎవరి కోసం అరిచింది సార్?" అని అడిగింది ప్రసన్నకుమారి.

అప్పటికే టీ వచ్చింది.

నెల తిరిగింది. ఫస్టు పీరియడ్ సగమయ్యాక తొమ్మిదో తరగతి గుమ్మంలో జెస్సీ, ఇంకో ముగ్గురు ఆడపిల్లలు నిలబడ్డారు. చెమటలు కారుతున్నాయి.

"మళ్ళీ లేటా? వారం నుంచి ఇదే వరస!"

"బస్సు ఆపలేదు సార్. నడిసొచ్చినాము."

"ముందు సరిగ్గానే వస్తాంటిరి గదా?"

"అప్పుడు ఒకక్క ఉండె సార్. పుత్తూరులో గుడ్డలంగట్లో పని చేసేది. రోజూ అరిచి బస్సు ఆపించేది. ఇప్పుడు సూళ్లూరుపేట కాడ కంపెనీలో పని దొరికి ఆడికి పోయింది."

జెస్సీ ముఖం మీద చెమట తుడుచుకుంది.

"దినామూ ఇట్ట నడిసి పొయ్యేటట్టయితే ఇంగ బడి వద్దంటాండాడు మా నాయన."

మాస్టారికి ఆ ముఖం గుర్తొచ్చింది, ఏదో అనబోయి ఆగిన ముఖం. ఆయనకు సిగ్గేసింది.

"ఆయమ్మ మీకేమవుతుంది?"

"ఏమీ కాదు సార్. గ్రేసీ అంట పేరు."

"మరి మీ కోసం ఆమెకెందుకంత తాపత్రయం?"

జెస్సీ చెప్పాలా వద్దా అన్నట్టు పక్కపిల్లల్ని చూసింది.

"మీరు బస్సెక్కిన రోజు మేమూ అదే అడిగినాం సార్. 'మన కోసరం మనం అడిగేది గొప్ప కాదు, పక్కోళ్ళ కోసరం అడిగినోడే పౌరుడని ఐరాల బళ్ళో మా సారు చెప్పినాడు, అదో, ముందు సీట్లో కూచోనుండేది ఆయనే' అని మిమ్మల్నే చూపించింది సార్."