బుడంకాయ మొదటి మాట

బుడంకాయ అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని, తలుపు వైపు చూసి, "అమ్మ" అన్నాడు.

పిన్ని గుండె గుభేలుమంది.

ఆ క్రెష్‌లో పిల్లలకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ, అందరికీ ఆవిడ పిన్నే. అక్కడొక కట్టుబాటుంది. మొదటి అడుగైనా, మొదటి మాటైనా క్రెష్‌లో జరిగితే జరగనట్టే లెక్క. కన్నవాళ్ళు ఇంట్లో చూసి, పొద్దున్నే పరిగెత్తుకొచ్చి చెబితే, అప్పుడు నోరు తెరిచి ఆశ్చర్యపోవాలి. ఆశ్చర్యపోవడంలో పిన్నిది అందె వేసిన చెయ్యి.

పైగా బుడంకాయ తల్లి, వాణ్ణి చేర్పించిన రోజే చెయ్యి పట్టుకుని అడిగింది.

"రోజంతా టికెట్ కౌంటర్లో ఉంటాను పిన్నిగారూ. వాడి మొదటి మాట 'అమ్మ' కావాలి. అది ముందు నేనే వినాలి. ఇంకేమీ వద్దు నాకు."

"మీరే వింటారమ్మా," అని పిన్ని మాటిచ్చేసింది.

బుడంకాయకి ఈ ఒప్పందం తెలియదు. పాలసీసా పట్టుకుని "అమ్మ". ఏనుగు బొమ్మెక్కి "అమ్మ". తోటి పిల్లాడి చెవి కొరికి, వాడు ఏడుస్తుంటే తోడుగా తనూ "అమ్మా!"

"ఇంటికెళ్ళి అనరా నాయనా," పిన్ని బతిమాలింది. "ఇక్కడ 'బా' అను, చాలు."

"అమ్మ," అన్నాడు వాడు, ఇంకా స్పష్టంగా.

అదే ఆవిడ భయం. తడబడుతూ అంటే ఫరవాలేదు. ఇంత నున్నగా అంటే, ఇది పాత మాటేనని ఏ తల్లికైనా తెలిసిపోతుంది. అందుకే సాయంత్రం ఆ తల్లి గుమ్మంలో కనబడగానే పిన్ని గొంతెత్తి పాట అందుకునేది. ఏం పాటో ఆవిడకే తెలియదు. తల్లేమో వస్తూనే దగ్గు మొదలుపెట్టేది. దగ్గుతూనే పిల్లాణ్ణి చంకనేసుకుని, వాడి మొహం భుజానికి అదుముకుని, వెనక్కి చూడకుండా ఉడాయించేది.

"పాపం, కౌంటర్లో దుమ్ము," అనుకునేది పిన్ని.

వారం గడిచింది. ఇంట్లో ఇంకా అనలేదా వీడు? పిన్నికి అన్నం సహించలేదు.

చివరికి ఒక పొద్దున తల్లి దగ్గకుండా వచ్చింది.

"పిన్నిగారూ! రాత్రి అన్నాడండీ! నా మొహంలోకి చూసి 'అమ్మ' అన్నాడు!"

"అయ్యో నా తండ్రే! మాటొచ్చేసిందా!"

పిన్ని బుగ్గలు నొక్కుకుంది. చప్పట్లు కొట్టింది. కళ్ళు తుడుచుకుంది. అదొక్కటీ నటన కాదు. ఆ గదిలో ఎంతమందికి మాటలొచ్చాయో! ఎవరి మొదటి మాటలోనూ తను లేదు. ఉండాలని అనుకోనూ లేదు.

హడావిడిలో తల్లి టిఫిన్ డబ్బా బల్ల మీద మరిచిపోయింది. పిన్ని దాన్ని పట్టుకుని గేటు దాకా పరిగెత్తింది. గోడకి అవతల, భర్త వెనక స్కూటర్ ఎక్కుతూ తల్లి గొంతు తగ్గించి అంటోంది:

"పరువు కోసం అబద్ధం చెప్పేశానండీ, ఏం చెయ్యను మరి... కన్నతల్లిని ఎదురుగా పెట్టుకుని, వాడు వారంనుంచీ ఇంట్లో 'పిన్నీ, పిన్నీ' అని తప్ప ఇంకో మాట అనడం లేదని ఆవిడకెలా చెప్పను!"