లేత గులాబి

"ఇంకా రంగు రాలేదేటమ్మా?"

ఎగ్జామినర్ సన్యాసిరావు అలా అడిగేసరికి షెకీనా ఫ్లాస్కు ఎత్తి చూపించింది.

"లేద్సార్. బ్యూరెట్టు మొత్తం ఖాళీ అయిపోనాది."

2006లో, అనకాపల్లిలోని ఓ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. ఫ్లాస్కులో ఆమ్లం, రంగు చూపే ఇండికేటరు చుక్కలు, పైన బ్యూరెట్టు గొట్టంలో కాస్టిక్ సోడా. చుక్క చుక్కా వదులుతూ, లేత గులాబి రంగు రాగానే ఆపి, ఎంత ఖర్చయిందో రాసి, ఆమ్లం గాఢత లెక్కకట్టాలి. మిగతా పిల్లలంతా ఇరవై మిల్లీలీటర్లని రాసేసి, లెక్క కూడా తేల్చేసి, గోళ్ళు గిల్లుకుంటున్నారు. ఇరవై దగ్గర రంగు వస్తుందని లెక్చరర్ జాన్ పాల్ ముందురోజే చెప్పేశాడు. కాలేజీ పరువును చుక్కల దయకు వదిలేసే మనిషి కాడాయన. జ్వరమొచ్చి షెకీనా ఆ రోజు రాలేదు. అంచేత పాపం, ప్రయోగం చేయాల్సి వచ్చింది.

"ఇండికేటరు ఏసేవా?" జాన్ పాల్ పళ్ళు నూరాడు.

"రెండుసార్లు ఏసేను సార్."

సన్యాసిరావు అనుభవజ్ఞుడు. పొద్దున్నే ఉప్మాక వెంకన్న దర్శనం, ఆపైన కాలేజీవారి పెసరట్టు ముగించుకుని మరీ వచ్చాడు. ఫ్లాస్కును కిటికీ వెలుగులో పెట్టి కళ్ళు చికిలించాడు.

"ఇదిగో, లేత గులాబి! ఏం బాబూ, కనబడుతోందా?"

"బ్రహ్మాండంగా కనబడతంది సార్" అన్నాడు పక్క బెంచీ బాబ్జి.

"నీకో అమ్మా?"

షెకీనా మళ్ళీ చూసింది. "రంగే లేద్సార్."

"అయితే లోపం నీ కళ్ళలోనే ఉంది. ఏం చదువుదామనుకుంటున్నావ్?"

"నర్సింగు సార్."

"రంగులు తెలీని నర్సు! రోగుల గతేటి? ఫెయిల్ చేసేయమంటావా?"

షెకీనాకు ఏడుపొచ్చింది. చిన్నప్పట్నుంచీ ఆ పిల్ల కోరుకున్నది ఆ ఒక్కటే. కళ్ళు తుడుచుకుని ఫ్లాస్కు వంక చూసింది.

"కనబడతంది సార్" అంది మెల్లగా.

బాబ్జి కాగితంలోకి చూసి ఇరవై రాసింది. రాస్తుంటే సిగ్గేసింది. మార్కులు మాత్రం నిండుగా పడ్డాయి. ఏ కంటాసుపత్రిలోనూ చూపు అంత తొందరగా బాగుపడదు.

ఎగ్జామినర్ని కారెక్కించి వస్తున్న జాన్ పాల్‌కు ల్యాబ్ అటెండరు బుల్లిబాబు ఎదురొచ్చాడు.

"సార్, ఒక మాట. పొద్దున్నే సెబుదామంటే తమరు పెసరట్ల పన్లో ఉన్నారు."

"ఇప్పుడు చెప్పు. పరీక్ష దివ్యంగా జరిగింది."

"సోడా లేక, బ్యూరెట్లలో మంచినీళ్ళు పోసేను సార్."