తొంభై ఎనిమిది

"దాలమ్మకి వైరస్సంటరో!"

పలాసలో జీడి కార్ఖానా వెనక వీధి ఒక్క క్షణంలో ఖాళీ. నర్సు ఫ్లోరెన్స్ అన్న మాట 'వైర్‌లెస్'. వీధికి వినబడింది వైరస్. ఆ తర్వాత ఆమె ఎంత మొత్తుకున్నా ఎవరూ ఆ గడప తొక్కలేదు.

కార్ఖానాలో జీడిపిక్కలు కొట్టే దాలమ్మకి ఊపిరితిత్తుల్లో నిమ్ము. ఫ్లోరెన్స్ ఇచ్చింది చిన్న క్లిప్పు. "వేలికిలా తగిలించాల. మూడ్రోజులు తియ్యకూడదు" అని తన వేలికి పెట్టి చూపించి, పక్క వీధి రోగుల దగ్గరికి పరుగెత్తింది. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో ఆ క్లిప్పు గాల్లోంచే ఆమె ఫోనుకీ, టెక్కలిలో డాక్టరుకీ చెప్పేస్తుంది. తొంభై దిగితే అంబులెన్సు, బెడ్డు. దిగకపోతే ఇల్లే ఆస్పత్రి. వైరూ లేదు, ఎవరితో వైరమూ లేదు.

రెండో రోజుకి దాలమ్మ రొప్పుతోంది. మొగుడు సూర్యం ఫోన్ చేశాడు.

"సిస్టరమ్మా, దీనికి ఊపిరి అందట్నేదు. బండి పంపమ్మా."

"తొంభై ఎనిమిది సూపిత్తంది మావా! నాకే అంత నేదు."

"మాట రావట్నేదమ్మా."

"అత్తకి మాట తగ్గితే నీకు పండగే గదా!"

సూర్యం నవ్వలేదు. మంచం పక్కనే కూర్చుని ఎడంచేత్తో ఆమె వీపు రాశాడు. ఎడంచేత్తోనే గంజి తాగించబోయాడు. గంజి చెంపల మీంచి కారిపోయింది.

మూడో రోజు టెక్కలికే ఫోన్ చేశాడు. "నంబరు బంగారంలా ఉంది, కంగారు పడకండి" అన్నారు డాక్టరు.

బంగారం, కంగారు. ప్రాస కుదిరింది. ప్రాణమే కుదుటపడలేదు.

మధ్యాహ్నానికి దాలమ్మ పెదాలు నీలంగా మారాయి. సూర్యం వీధిలోకొచ్చి అరిచాడు. రెండు ఆటోలు ఆగాయి. ఎవరింటికో తెలియగానే రెండూ కదిలిపోయాయి. నంబరు మాత్రం తొంభై ఎనిమిది.

చివరికి అతని ఏడుపు ఫోన్లో వినలేక ఫ్లోరెన్స్ వచ్చింది. వెనకాలే వీధి వీధంతా, ముక్కులకి గుడ్డలు కట్టుకుని.

ఆమె దుప్పటి తొలగించింది. దాలమ్మ చేతులు రెండూ తిప్పి చూసింది.

"క్లిప్పేది మావా?"

"నువ్వు సెప్పినట్టే ఒక్క నిమసం కూడా తియ్యనేదమ్మా," అంటూ సూర్యం తన కుడిచేయి చాపాడు, "జీడిసొనకి మాడిపోయిన దీని వేలు మిషను తీసుకోనేదని, రేషను కాడ దీని బదులు నేను వేలిముద్ర ఏసినట్టే, మొదట్రోజు నుంచీ నా వేలే ఎట్టుంచినాను."