ఎత్తిన కాలు

కండక్టరమ్మ కుడికాలు గాల్లో ఉంది. టీచరు ఎంతకీ దించనివ్వడం లేదు.

ఆఫీసుల వెనక పార్కులో పొద్దున్నే జరిగే తాయ్ చీ అనే చైనా కసరత్తు క్లాసు అది. టీచరు అందరికీ ఎదురుగా నిలబడుతుంది. ఆవిడ ఏం చేస్తే అందరూ అదే చేయాలి. చూపు ఆవిడ మీంచి కదలకూడదు.

కండక్టరమ్మ సరదాకి చేరలేదు. కదిలే బస్సులో పడి తుంటి విరగ్గొట్టుకున్న మనిషి. ఎముక అతికింది గానీ కాలి మీద నమ్మకం అతకలేదు. మళ్లీ పడితే ఇక మంచమేనని, నిలకడ కోసం తాయ్ చీ నేర్చుకోమని డాక్టరు పంపాడు. రెండు నెలలకే రెయిలింగు పట్టుకోకుండా మెట్లెక్కుతోంది. ఆ సంగతి మాత్రం పైకి ఒప్పుకోదు. నోరు ఊరుకోక, "ఇది ఎక్సర్‌సైజా, స్లో మోషన్ సినిమానా టీచరుగారూ?" అని నిన్న అందరినీ నవ్వించింది. టీచరు నవ్వలేదు.

ఇవాళ దానికి వడ్డీతో సహా బదులు తీర్చుకుంటోందని కండక్టరమ్మకి అర్థమైపోయింది.

మామూలుగా కాలెత్తి, ఊపిరి వదులుతూ వెనక్కి అడుగు వేయాలి. టీచరు కాలెత్తింది. వెయ్యలేదు.

"ఎవరూ దించకండి. నన్నే చూడండి." గొంతు మరీ మెత్తగా ఉంది.

ముందు వరసలో ఒకాయన తూలి కాలు ఆనించేశాడు. టీచరు అతని వంక కూడా చూడలేదు. ఆవిడ చూపంతా చివరి వరసలో, పొద పక్కన నిలబడ్డ కండక్టరమ్మ కాళ్ల మీదే ఉంది. ఎప్పుడు పడుతుందా అని కాచుకుని ఉంది కాబోలు.

ఎడమ తొడ మండుతోంది. తుంటిలో పాత నొప్పి నిద్రలేచింది. కండక్టరమ్మకి నిజంగానే భయం వేసింది. అయినా పంతం వదల్లేదు. మోకాలు కాస్త వంచింది. బరువంతా ఎడమ అరికాల్లోకి దింపింది. ఊపిరిని బొడ్డు కిందకి పంపింది. టీచరు నేర్పిన విద్యంతా టీచరు మీదే ప్రయోగించింది. కాలు వణికింది గానీ కూలలేదు.

"ఇంకొంచెం అక్కా," అంది టీచరు. ఆవిడ మొహం మీద చెమటలు కారుతున్నాయి.

చివరికి టీచరు కాలు దించింది. వెనక్కి కాదు, ముందుకి. అందరూ ముందుకే వేశారు.

కండక్టరమ్మ విసవిసా ఆవిడ దగ్గరికి నడిచింది. "నిన్నటి మాటకి నామీద ఇంత కక్షా? రేపట్నుంచి నేను రాను."

టీచరు చెయ్యెత్తి, కండక్టరమ్మ ఇంతసేపూ నిలబడ్డ చోటుని చూపించింది.

అక్కడ, ఆవిడ వెనకడుగు పడాల్సిన గడ్డిలోంచి, ఎత్తిన పడగ దించుకున్న త్రాచుపాము ఒకటి, తొందరేమీ లేకుండా, స్లో మోషన్‌లో పొదలోకి పాకిపోతోంది.